పుస్తకముల బరువు, పలక నిడివి

పుస్తకమెంత బరువైనదో చదువువానికంటె ఇల్లు మారునాడు పెట్టెలు మోయువానికి బాగుగ తెలియును. విడిగా ఒక్కొక్క కాగితము గాలికి ఎగిరిపోవునంత తేలికయే యైనను, వందల కాగితములను అదిమి, కుట్టి, అట్టవేసి, ప్రక్కప్రక్కల నిలిపినపుడు ఆ మొత్తము అంతే పరిమాణము గల నీటి బరువులో ముప్పాతిక వంతునకు చేరువగ వచ్చును. అందుచేత నవలల పరిమాణము గల సాధారణ పుస్తకములను ఒక మీటరు పొడవున వరుసగా పేర్చినచో అవి ఇంచుమించు 20 కిలోలు తూగును. నిఘంటువులును, పురాణ సంపుటములును, నునుపు కాగితముపై అచ్చైన చిత్రగ్రంథములును ఐనచో అదే మీటరు 40 కిలోలను చేరుట వింతకాదు. తిరుమల తిరుపతి దేవస్థానములవారు ప్రకటించిన కవిత్రయ భారతము 15 సంపుటములను తెచ్చి, వాని ప్రక్కనే సూర్యరాయాంధ్ర నిఘంటువును చేర్చి, నాలుగడుగులు వెనుకకు జరిగి చూచి ఆనందించు గృహస్థుడు, ఆ పలక నడుముపై తానెంతటి భారమును పగలనక రాత్రియనక సంవత్సరముల తరబడి ఉంచబోవుచున్నాడో సాధారణముగ ఆలోచింపడు.

పూర్వము మన పెంకుటిండ్లలో పుస్తకములకు గోడగూళ్లే ఆశ్రయములుగ నుండెడివి. గోడ మందములోనే వదలిన ఆ గూడు మూరెడు, మూరన్నర వెడల్పునకు మించకుండుట వలనను, దాని అడుగుభాగము గోడయే యగుట వలనను అక్కడ వంగుటకు ఏమియు లేకుండెను. పిదప ఉక్కు బీరువాలు వచ్చినవి. టేకుతోను మద్దితోను వడ్రంగి యింటికి వచ్చి చేసిపెట్టిన అద్దపు తలుపుల అలమారలు వచ్చినవి. ఇపుడు గోడల మందము తగ్గి, వడ్రంగి కూలి పెరిగి, అద్దె యిండ్ల కాపురము సామాన్యమైన కాలమున, విడిభాగములుగ అట్టపెట్టెలో పడుకొని వచ్చి, ఒక స్క్రూడ్రైవరు సాయముతో ఒక పూటలో లేచి నిలువబడు అలమార మన నగరములలో ఆ స్థానమును ఆక్రమించినది. అది మొదటి యేడు చూడ ముచ్చటగ నుండును. రెండవ వర్షాకాలము దాటునప్పటికి పలకలు నడుమ క్రుంగుట, ప్రక్క చెక్కలు ఎడమగుట, వెనుకనున్న పలుచని అట్ట గాడి విడిచి వెలుపలికి వచ్చుట మొదలగును. అపుడు ఇంటివారు, "పొట్టుతో చేసిన చెక్క, దీని బ్రతుకింతే" యని నిందింతురు. ఈ నింద సగమే న్యాయము. చెక్కయందు దోషము కొంత కలదు. కాని అంతకంటె పెద్దదోషము నిడివిది, దాని తరువాతిది నీటిది. ఈ రెండింటిని కొనునాడును బిగించునాడును మనస్సున నుంచుకొన్నచో చౌక పలకయు చిరకాలము తిన్నగ నిలుచును.

విడదీసి పంపి, చేరినచోట కూర్చుకొనుట యను పద్ధతి నేటిది కాదు. మైకేల్ తోనెట్ వియన్నా నగరమున 1859లో వెలువరించిన 14వ నంబరు కుర్చీ, ఆవిరి పట్టించి వంచిన ఆరు కఱ్ఱ ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు మాత్రమే గలది. అట్టివి 36 కుర్చీలు ఊడదీసిన రూపమున ఒక ఘనమీటరు పెట్టెలో ఇమిడి సముద్రములు దాటెడివి. ఇరువదవ శతాబ్దమున ఈ ఉపాయమును ఇంటింటి వాడుకకు తెచ్చిన కీర్తి స్వీడను దేశపు ఐకియా సంస్థకు చెందును. 1956 ప్రాంతమున ఆ సంస్థలోని గిల్లిస్ లుండ్‌గ్రెన్ ఒక బల్ల కారులో పట్టక దాని కాళ్లు ఊడదీసెననియు, ఆ చిన్న యుక్తియే క్రమముగ ఆ వ్యాపారమునకు మూలసూత్రమైనదనియు చెప్పుదురు. ఆయనయే 1979లో "బిల్లీ" యను పుస్తకముల అలమారకు రూపకల్పన చేసెను. 202 సెంటీమీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల వెడల్పు, 28 సెంటీమీటర్ల లోతు గల ఆ నిరాడంబరమైన పెట్టె లోకమున పదికోట్లకు పైగా అమ్ముడుపోయినది. 2018 ఆగస్టులో హైదరాబాదున ఆ సంస్థ భారతదేశమందలి తన మొదటి అంగడిని తెరచినప్పటినుండి మన యెదుటకును వచ్చినది. విదేశములలో స్థిరపడిన తెలుగువారికి అంతకు పూర్వమే అది పరిచితము. నేను బిల్లీని పేర్కొనుట దాని కొలతలు లోకవిదితములగుట చేతనే. ఇచట చెప్పబోవు లెక్కలు ఊరిలోని ఫర్నిచరు దుకాణమున కొన్న అలమారకును ఒకే విధముగ వర్తించును.

ఈ పలకలలో నుండునది ఏమి? హెచ్చుభాగము పార్టికల్ బోర్డు. కఱ్ఱను సన్నని పెచ్చులుగ తఱిగి, ఆరబెట్టి, జిగురు కలిపి, వేడి పలకల నడుమ అదిమి దీనిని చేయుదురు. 1930లలో జర్మనీ దేశీయుడగు మాక్స్ హిమ్మెల్‌హేబర్ దీని నిర్మాణమునకు దారి చూపిన వారిలో ముఖ్యుడు. కోతమిల్లులలో వృథాగ పోవు పెచ్చులు, చిన్న కొమ్మలు దీనితో సద్వినియోగమైనవి గనుక దీనిని కేవలము నాసిరకమని తోసిపుచ్చుట కృతఘ్నత. దీనికి కణుపులు లేవు, పగుళ్లు లేవు, ఎటుచూచినను ఒకే మందము. పైని క్రింది పొరలలో సన్నని పొట్టు, నడుమ ముదుక పెచ్చులు ఉండుట వలన బలమంతయు రెండు ముఖములయందే కేంద్రీకృతమై యుండును. దానిపై మెలమైను కాగితము అతికి రంగు, నునుపు కల్పింతురు. ఇక లోపము. చెట్టు మానులో పొడవునా సాగు నారలు బరువును చివరనుండి చివరకు చేరవేయును. పార్టికల్ బోర్డులో ఆ నారలు ముక్కలు ముక్కలై, ఒక ముక్కకును మరియొక ముక్కకును జిగురే సంధానకర్త. కావున వంగకుండ ఎదుర్కొను బిగువు టేకులో ఉన్నదానిలో నాలుగవ వంతు మాత్రమే దీనియందుండును. ఎండీఎఫ్ చూచుటకు మరింత మెత్తగ, సాఫుగ నున్నను ఈ విషయమున పార్టికల్ బోర్డుకంటె ఎక్కువేమియు మెఱుగు కాదు. ప్లైవుడ్ వీనికంటె చాల మేలు; దానిని గూర్చి చివర చెప్పెదను.

ఇపుడు నిడివి సంగతి. రెండు చివరల ఆనికపై నిలిచి పొడవునా సమభారము మోయు పలక నడుమ ఎంత క్రుంగునో పదునెనిమిదవ శతాబ్దమున ఆయిలర్, డానియల్ బెర్నూలీ వేసిన గణితపు పునాదిపై నేడు ఇంజనీరింగు విద్యార్థి యెవడైనను చెప్పగలడు. సూత్రము నిచట వ్రాయను; సారము మాత్రము ప్రతి గృహస్థుడును తెలిసికొనదగినది. మీటరుకు పడు బరువు మారక, నిడివి మాత్రము రెట్టింపైనచో, క్రుంగుట రెట్టింపు కాదు, నాలుగు రెట్లు కాదు, 16 రెట్లగును. మందము రెట్టింపైనచో అది 8వ వంతునకు తగ్గును. లోతు రెట్టింపు చేసినచో సగమునకు మాత్రమే తగ్గును; అదియు ఆ లోతును చూచి వెనుక మరియొక వరుస పుస్తకములు పెట్టు దురాశ పుట్టకున్నప్పటి మాట.

ఉదాహరణముగ, లోపలి వెడల్పు 76 సెంటీమీటర్లు, మందము 18 మిల్లీమీటర్లు గల పార్టికల్ బోర్డు పలకపై సాధారణ పుస్తకములను నిండుగ పేర్చినచో నడుమ ఇంచుమించు రెండున్నర నుండి మూడు మిల్లీమీటర్ల వరకు క్రుంగును. మన కన్ను మీటరుకు రెండున్నర మిల్లీమీటర్ల వంపును గుర్తుపట్టగలదు. అనగా మొదటి నాటికే కంటి హద్దు దాటినట్లు. అదే పలకను ఒక మీటరు నిడివిగ చేసినచో క్రుంగుట 8 మిల్లీమీటర్లు. సగము వెడల్పు గల అలమార, అనగా లోపల 36 సెంటీమీటర్లది, తీసికొన్నచో మిల్లీమీటరులో ఏడవ వంతు. దానిని ఏ కన్నును చూడజాలదు. మరియొక ముచ్చట: 76ను 60కి తగ్గించుటయు, 18 మిల్లీమీటర్ల పలకకు బదులు 25 మిల్లీమీటర్ల పలక వేయుటయు ఇంచుమించు ఒకే ఫలము నిచ్చును. మొదటిది చేయుటకు ఖర్చు లేదు, కొలబద్ద చాలును. రెండవదానికి సొమ్ము కావలెను. ఐనను కొనువారిలో పదిమందిలో తొమ్మండుగురు మందము నడుగుదురేగాని నిడివి కొలువరు. అంగడివానిదియు ఒక చమత్కారమే: ప్రదర్శనశాలలో వెడల్పైన అర విశాలముగ, ఉదారముగ కనబడును, దానిపై మూడు పుస్తకములు, ఒక పూలకుండి, ఒక ఇత్తడి బొమ్మ మాత్రమే యుండును.

బిల్లీ యొక్క 80 సెంటీమీటర్ల పలక ఒక్కొక్కటి 30 కిలోల వరకు మోయునని దాని నిర్మాతలు చెప్పుదురు. సాధారణ పుస్తకములతో నిండిన అర 16 కిలోలకు అటునిటుగ నుండును గనుక చిక్కులేదు. భారీ సంపుటములతో నిండినచో ఆ హద్దునకే చేరును. మోయుట వేరు, తిన్నగ నుండుట వేరు. విరుగని పలక యెల్లను వంగని పలక కాదు.

అదియుగాక, పైన చెప్పిన మూడు మిల్లీమీటర్లు మొదటి నాటి మాట. కఱ్ఱయు, కఱ్ఱతో చేసిన పదార్థములన్నియు, బరువు మారకున్నను కాలము గడచినకొలది మరికొంత మరికొంత లొంగుచుండును. పార్టికల్ బోర్డులో ఈ గుణము హెచ్చు. సంవత్సరములు గడచునప్పటికి మొదటి వంపు రెట్టింపగుట సామాన్యము, మూడింతలగుటయు కలదు. నులకమంచము నడుము జారినపుడు నులక విప్పి బిగించుకొనవచ్చును. ఈ పలకకు అట్టి సదుపాయము లేదు, ఒకసారి లొంగిన జిగురుబంధము మరల మొదటి స్థితికి రాదు. పుస్తకములన్నియు దించివేసి, రెండు చివరలకును ఒక నూలుదారము బిగలాగి చూచినచో, ఎంత వంపు బరువుతోపాటు పోయినదో, ఎంత శాశ్వతముగ నిలిచిపోయినదో తెలియును. ఇక్కడనే నీటి పాత్రయు ప్రవేశించును: గాలిలో తేమ హెచ్చుచు తగ్గుచు నుండుచోట, నిలకడగ తేమ యున్న చోటికంటెను పలక త్వరగ లొంగును. ఏప్రిల్, మే నెలలలో పెదవులు పగులునంత ఎండి, జూలై, ఆగస్టులలో బట్టలారనంత తడిసిపోవు హైదరాబాదు వాతావరణము ఈ దృష్టితో చూచినచో పలకలకు కఠిన పరీక్షయే.

మరి ఉపాయమేమి? నాకు అన్నిటికంటె నచ్చినది, అన్నిటికంటె చౌకయైనది, అంచుపట్టీ. గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున ఒక కొలబద్దను బల్లపరుపుగ ఉంచినదానికంటె అంచుపై నిలిపినపుడు ఏల బలముగ నుండునో విచారించెను. మన యిండ్లకు కప్పులు వేసిన వడ్రంగులు ఆ గ్రంథము పేరైన వినకయే దూలమును నిలువుగ నిలిపిరి. వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ. ఉక్కు బీరువాలోని అర యొక్క రేకు ఒక మిల్లీమీటరు మందమైనను లేకున్నను అంత బరువు మోయుటకు కారణము, దాని అంచులను క్రిందికి మడచుటయే. ఆ రహస్యమునే మన పలకకును నేర్పవలెను. ఎండిన గట్టి కఱ్ఱతో, టేకైన మేలు, 18 మిల్లీమీటర్ల మందము, 40 మిల్లీమీటర్ల ఎత్తు గల పట్టీని చిత్రిక పట్టించి, పలక ముందంచునకు దాని పై అంచు సమముగ నుండునట్లు నిలువుగ బిగించినచో, కఱ్ఱ నారల బిగువు వలన ఆ ఒక్క పట్టీయే మొత్తము పలకకంటె మూడు రెట్లు దృఢముగ నుండును. రెండును కలిసినపుడు క్రుంగుట నాలుగవ వంతునకు దిగును. మూడు మిల్లీమీటర్లు ముప్పాతిక మిల్లీమీటరగును.

ఈ పని చేయించునపుడు రెండు మూడు విషయములు వడ్రంగికి చెప్పవలెను. మెలమైను పొర నున్నని దగుటచే దానిపై ఫెవికాల్ పట్టదు. అంచున అతికిన ప్లాస్టికు పట్టీని ఒలిచి, లోపలి బోర్డు కనబడునట్లు చేసి, జిగురు రాచి, చేర్చిన పిదప స్క్రూలు వేయవలెను. స్క్రూకు ముందు సన్నని రంధ్రము డ్రిల్లుతో తొలువకున్నచో బోర్డు పొరలుగ విచ్చును. పట్టీ క్రిందికి రెండు సెంటీమీటర్లకు పైగా దిగును గనుక దిగువ అరలోని ఎత్తైన పుస్తకములు తీసి పెట్టుటకు అడ్డమగునేమో ముందే చూచుకొనవలెను. పలకల ఎత్తును మార్చు రంధ్రములు ప్రక్క చెక్కలలో ఉండనే యున్నవి. అలమారకు తలుపులున్నచో ముందంచున బిగింప వీలు కాదు. పలక అడుగున, అంచునకు కొంచెము లోపలగ, అదే పట్టీని నిలువుగ చేర్చవలెను. కఱ్ఱపని వద్దనువారు ఇనుప సామాను దుకాణమున దొరకు అంగుళపు అల్యూమినియం యాంగిలు ముక్కను, మూడు మిల్లీమీటర్ల మందముది, కొని, ఒక రెక్క పలక అడుగునకును, మరియొక రెక్క నిలువుగ క్రిందికిని వచ్చునట్లు స్క్రూలతో బిగించిన చాలును. అదియు పలకకంటె దృఢమైనదే.

ముందంచు తిన్నగ నిలిచి వెనుక అంచు క్రుంగినచో పుస్తకములు వెనుకకు వాలును. వెనుక అంచునకు ఆసరా ఇచ్చునది అలమార వీపున వేయు పలుచని అట్ట. ఇది మూడు మిల్లీమీటర్ల మందమైనను లేని రేకువంటి వస్తువగుటచే బిగించువారు దీనిని లెక్కచేయక, నాలుగు మూలల నాలుగు మేకులు కొట్టి వదలుదురు. ఇంతకంటె పెద్ద పొరపాటు లేదు. అలమార ప్రక్కకు ఒరగకుండ, నలుచదరపు ఆకృతి చెడకుండ కాపాడునది ఆ అట్టయే. అది గట్టిగ నున్నంతవఱకు ప్రక్క చెక్కలు ఎడము కావు, అవి ఎడము కానంతవఱకు పలక చివరలు ఆనుమేకులనుండి జారవు. కావున అట్ట బిగించుటకు ముందు అలమార ఐమూల కొలతలు రెండును సమముగ నున్నవా యని టేపుతో చూచి, సమము చేసి, అప్పుడు అంచుల పొడవునా పది సెంటీమీటర్ల కొక మేకు చొప్పున కొట్టవలెను. ప్రతి పలక వెనుక అంచునకు నడిభాగమున, అట్ట వెలుపలినుండి రెండు చిన్న స్క్రూలు వేసినచో పలక అట్టను పట్టుకొని వ్రేలాడును. ఈ చిన్న పనితో వెనుక వంపు చాలవఱకు ఆగును. ఐతే పలక ఎత్తు మార్చదలచినపుడు ఆ స్క్రూలు తీయవలసి యుండును. అట్టి మార్పు జన్మకొకసారి చేయువారే హెచ్చు గనుక నేను దానిని పెద్ద చిక్కుగ నెంచను.

నడిమి పలక ఒకటి మినీఫిక్సులు అను త్రిప్పి బిగించు బందులతో కదలకుండ బిగింపబడి యుండుట చాల అలమారలలో కలదు. దీని ప్రయోజనము రెండు విధములు. ప్రక్క చెక్కలు వెలుపలికి ఉబ్బకుండ నడుమ కట్టుగ నిలుచుట ఒకటి. రెండు చివరల గట్టిగ బిగింపబడిన పలక, ఊరక ఆనించిన పలకకంటె తక్కువ క్రుంగుట రెండవది. బిగింపు సంపూర్ణమైనచో గణితము చెప్పు తగ్గుదల ఐదవ వంతునకు, మినీఫిక్సుతో అంత రాకున్నను మెఱుగు కనబడును. కావున అన్నింటికంటె బరువైన పుస్తకములకు రెండే తగిన స్థానములు: నేలకు దగ్గఱనున్న అడుగు అర, ఈ బిగించిన నడిమి అర. ఏ అరలోనైనను లావు సంపుటములను చివరల వైపునకును, పలుచని పుస్తకములను నడుమకును చేర్చినచో వంపు తగ్గును. భాగవత సంపుటముల వరుస నడుమ తెగినదని బాధపడు సౌందర్యోపాసకులకు ఈ సలహా రుచింపదని యెఱుగుదును.

ఇక నీరు. క్రుంగుట బరువు వలన. వంకరపోవుట, మెలితిరుగుట, ఉబ్బుట తేమ వలన. పలక ఒక ముఖము ఎక్కువ తేమ పీల్చి, రెండవది తక్కువ పీల్చినపుడు, పీల్చిన ముఖము సాగి పలక రెండవ వైపునకు వంగును. ఇంటికి వచ్చి అలమార చేయు వడ్రంగి కొందరు యజమానుల పొదుపునకు లోబడి తలుపునకు వెలుపల మాత్రమే సన్‌మైకా అతికి, లోపల రంగు పూసి వదలును. ఆ తలుపు రెండవ యేడు మూయబడక ఒక మూల పైకి లేచి నిలుచుటకు కారణమిదియే. రెండు ముఖములకును ఒకే రకపు పూత, లేదా రెండింటికిని సన్‌మైకా ఉండవలెను. లోపలిది చౌకరకమైనను సరే. కంపెనీ పలకలలో ఈ సమత ఉండును. వానిలో దుర్బలస్థానము కప్పబడని అంచులు. ముందంచునకు మాత్రమే పట్టీ అతికి, వెనుక అంచును, అడుగు అంచును, తొలిచిన రంధ్రములను తెరచి వదలుట కలదు. బిగింపకముందే ఆ అంచులకు వార్నిషో, మిగిలిపోయిన ఆయిల్ పెయింటో రెండు పూతలు పూయుట గంట సేపటి పని. నీరు త్రాగి ఉబ్బిన పార్టికల్ బోర్డు ఎండినను తిరిగి అణగదు. ఈ పదార్థమునందు నేను క్షమింపలేని గుణము ఇదొక్కటే.

మన దేశమున నిత్యము నేల తడిగుడ్డతో తుడుచుట ఆచారము. పండుగనాడు బకెట్లతో కడుగుటయు కలదు. చలిదేశపు కొయ్యనేలలను మనస్సున నుంచుకొని రూపొందించిన అలమార ప్రక్క చెక్కలు తిన్నగ నేలను తాకి నిలుచును. ప్రతిదినము కొంచెము కొంచెముగ ఆ పాదములు తడిని పీల్చి, ఆరు నెలలలో అడుగున పూరీ పొంగినట్లు కాకున్నను, పొర లేచి బోర్డు పొట్టు రాలుటకు సిద్ధమగును. దీనికి ప్లాస్టికు బుష్‌లు, లేదా గ్రానైటు ముక్కలు అడుగున పెట్టి చెక్కను నేలకంటె సెంటీమీటరు పైకెత్తిన చాలును. ఎత్తునపుడు రసమట్టము పెట్టి చూడవలెను. నాలుగు మూలలలో ఒకటి లేచియున్నచో అలమార మొత్తము మెలితిరిగి నిలుచును. వాన జల్లు కొట్టు వెలుపలి గోడకు, స్నానపుగదితో ఉమ్మడిగ నున్న గోడకు అలమారను ఆనింపరాదు. వేరు చోటు లేకున్నచో గోడకును అట్టకును నడుమ రెండు మూడు వ్రేళ్ల సందు వదలి గాలి ఆడనీయవలెను. ఈ సందే చెదలు వచ్చినచో ముందుగ కనిపెట్టుటకును ఉపకరించును. పడమటి కిటికీ ఎండ ఒక ప్రక్క చెక్కపైననే పడుచోటు, ఏసీ గాలి తిన్నగ తగులుచోటు కూడ మంచివి కావు.

ఇప్పటికే క్రుంగిన పలక ఉన్నవారు దానిని తలక్రిందులుగ త్రిప్పి పెట్టవచ్చును. ఉబ్బెత్తుగ నిలిచిన నడుము బరువునకు క్రమముగ దిగి, కొన్ని నెలలు తిన్నగ నుండి, పిదప రెండవ వైపునకు వంగుట మొదలిడును. ఇది చికిత్స కాదు, వాయిదా. ఐనను ఖర్చులేని వాయిదా గనుక దీపావళి ఇల్లు సర్దునపుడు ఏటేట చేసికొనవచ్చును. ముందంచు పట్టీ వేయుటకు ఇదియే అదను. ఉబ్బెత్తు వైపు పైకి వచ్చునట్లు త్రిప్పి, పలకను తిన్నని పట్టీకి క్లాంపులతో లాగి బిగించినచో పాత వంపు పోవును. నడుమ నిలువు చెక్క ఒకటి నిలిపి నిడివిని సగము చేయుట గణితము మెచ్చు మార్గము. 16వ వంతు మాట ఇక్కడ మనకు మేలుగ పనిచేయును. కాని ఒక్క అరలో మాత్రమే నిలిపినచో పై పలక భారము క్రింది పలక నడుమకు చేరును, రోగము ఒక అంతస్తు దిగినదే యగును. పై అర మొదలు నేలవఱకు ప్రతి అరలోను, ఒకే నిలువురేఖలో, ఒకదానిక్రింద ఒకటిగ నిలువు చెక్కలుండి, కట్టకడపటిది అడుగు పలక క్రింద నేలను తాకవలెను. చదువుకొను పిల్లలు పలకకు పలకకు నడుమ నాలుగు లావు పుస్తకములు అడ్డముగ పేర్చి స్తంభము చేయుట చూచి పెద్దలు నవ్వుదురు గాని, ఆ స్తంభము నేలవఱకు సాగినచో యుక్తమైనదే.

క్రొత్తగ కొనువారికి, చేయించువారికి ఒక మాట. పార్టికల్ బోర్డు పలకైనచో లోపలి వెడల్పు 60 సెంటీమీటర్లు దాటకుండ చూచుకొనుడు. గోడ నిండవలెనన్న వెడల్పైన అలమార ఒకటి కొనుటకంటె సన్ననివి రెండు ప్రక్కప్రక్కల నిలుపుట మేలు. ప్లైవుడుతో చేయించునపుడు ఐ.ఎస్. 303 ముద్ర సాధారణ గదులకు చాలును. తేమ యున్నచోట ఐ.ఎస్. 710 ముద్ర గలది తీసికొనవలెను. ముద్ర చూచినవారును చూడని సంగతి నార దిశ. ప్లైవుడ్ పై పొర నార ఏ వైపునకు సాగునో ఆ వైపునకే హెచ్చు బిగువు. 8 అడుగులు, 4 అడుగుల షీటును వడ్రంగి వృథా తగ్గునట్లు కోయునేగాని నార చూచి కోయడు; పై నార పలక నిడివి వెంట సాగవలెనని కోతకు ముందే చెప్పినచో అదే షీటు, అదే ధర, దృఢత్వము మాత్రము ఎంతో వేరు. మరియు రెండు మీటర్ల అలమారను, ఎంత బరువైనదైనను, పై భాగమున గోడకు ఎల్ క్లాంపుతోను, గోడలో దిగిన ప్లగ్గుతోను కట్టకుండ వదలరాదు. పసిపిల్లలు అరలను మెట్లుగ నెంచుదురు. ఈ కట్టు అలమార ముందుకు వాలకుండ చేయుటయేగాక ప్రక్క చెక్కలు మెలితిరుగకుండ కూడ పట్టియుంచును.

ఇల్లు మారునపుడు ఈ అలమారలను ఎన్నిసార్లైన విప్పి బిగింపవచ్చునని విక్రేతలు చెప్పుట విందుము. పార్టికల్ బోర్డు అంచున స్క్రూ ఒకటి రెండుమార్లు మాత్రమే గట్టిగ పట్టును. పిదప రంధ్రము వదులై, జిగురులో ముంచిన అగ్గిపుల్లలో, వెదురు పుల్లలో దూర్చి, ఆరిన తరువాత మరల స్క్రూ వేయవలసి వచ్చును. డ్రిల్లు యంత్రముతో వేగముగ త్రిప్పి బిగించుటకంటె చేతి స్క్రూడ్రైవరుతో, బిగువు చేతికి తెలియగానే ఆపుట శ్రేయస్కరము. వీలైనచో పలకలు మాత్రము తీసి, పెట్టెను విప్పకయే మోయించుడు. తీసిన ప్రతి పలక అడుగు ముఖమున తేదీ వేసి యుంచినచో, క్రొత్త యింట ఆ ముఖము పైకి వచ్చునట్లు పెట్టుటకు వీలగును.